నల్లమద్దికి గాటు పెడితే నీళ్లు ధార కట్టాయి, మరి చెట్టు నీళ్లని పైకి లాగుతుంది అన్న పాఠం నిలబడుతుందా?

కొండవాగు:
అందరికీ నమస్తే అండి. 2024 మార్చి చివర్లో పాపికొండల నేషనల్ పార్కులో ఫారెస్టు వాళ్లు నల్లమద్ది కాండానికి గాటు పెడితే నీళ్లు ధారగా వచ్చిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఎండాకాలంలో ఆ చెట్టు నీళ్లు దాచుకుంటుందన్నది కొండరెడ్లకి ఎప్పట్నుంచో తెలిసిన సంగతి, ఆ నీళ్లు వాసనొస్తాయి పుల్లగా ఉంటాయి అని కూడా అప్పట్లో పేపర్లలో వచ్చింది. అందులో నాకు ఏ అనుమానం లేదు. నా గొడవల్లా ఇంటర్ బోటనీతో. ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే ఆ లాగుడికి జైలం గొట్టాల్లో (చెక్కలో నీటిని పైకి తీసుకెళ్లే సన్నటి గొట్టాలు) ఉన్న నీరంతా వేరు దాకా ఒకే స్తంభంలా పైకి కదులుతుందని, ఆ గొట్టాల్లో ఉండేది నెగటివ్ ప్రెజర్ అని చదువుకున్నాం కదా. నెగటివ్ ప్రెజర్ ఉన్నచోట గాటు పెడితే గాలి లోపలికి పోవాలి, నీళ్లు బయటికెలా వస్తాయి? అదీ మండే ఎండల్లో. వీడియో అయినా అబద్ధం అవ్వాలి, పాఠం అయినా తప్పు అవ్వాలి. వీడియో అబద్ధం కాదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, ఆవేశపడకుండా.

లెక్కల మాస్టారు:
మంచి ప్రశ్న వేశావు బాబూ. నేను ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఈ లాగుడు సిద్ధాంతం నాకు మొదట్నుంచీ మింగుడు పడలేదు. బావి గట్టు మీద పెట్టిన మోటారు ఎంత హార్స్‌పవర్‌దైనా సరే పాతిక అడుగులు దాటితే నీళ్లు అందుకోవడానికి నానా తంటాలు పడుతుంది, అందుకే నీటిమట్టం పడిపోయినకొద్దీ రైతులు మోటారుని బావిలోకి దించుకుంటూ పోయారు, చివరికి సబ్‌మెర్సిబుల్ వేసి కిందనుంచి తొయ్యడం మొదలుపెట్టారు. పూర్తి వాక్యూమ్ పెట్టినా నీళ్లు 10.3 మీటర్లు దాటి లేవవు, టారిచెల్లి కాలంనుంచీ తెలిసిన లెక్క ఇది. మారేడుమిల్లి వైపు అడవుల్లో 30 మీటర్ల చెట్లున్నాయి. పైగా ప్రెజర్ సున్నా దగ్గరికొచ్చేసరికే నీరు మామూలు వేడికే మరిగి ఆవిరి అయిపోవాలి, సున్నా కంటే కిందకి పోయి కూడా నీరు నీరుగానే ఉంటుందంటే నేను పిల్లలకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నల్లమద్దిలో నీళ్లు బయటికి చిమ్మాయంటే లోపల పాజిటివ్ ప్రెజర్ ఉన్నట్టే. చెట్టు కిందనుంచి తోస్తోంది.

వేర్లు_ఆకులు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే గట్టిగా విభేదిస్తున్నాను, కొంచెం పెద్ద పోస్టు అవుతుంది ఓపిగ్గా చదవండి.

మోటారు సంగతి ముందు తేల్చేద్దాం. గట్టు మీద మోటారు నీళ్లని నిజానికి లాగట్లేదు, పైపులో గాలి తీసేస్తోంది అంతే, నీళ్లని పైకి తోసేది బావిలో నీటి మీద పడే గాలి ఒత్తిడి. 10.3 మీటర్లు అనేది ఆ గాలి ఒత్తిడికి ఉన్న హద్దు, నీటి బలానికి ఉన్న హద్దు కాదు. చెట్టులో గాలితో పనే లేదు. ఆకు లోపల కణాల గోడల్లో ఉండే అతి సన్నని రంధ్రాల్లో నీరు తడిగా పట్టుకుని ఉంటుంది, అక్కణ్ణుంచి నీరు ఆవిరైనప్పుడు వెనకున్న నీటి అణువులు ఒకదాన్నొకటి వదలకుండా కదులుతాయి. గొట్టంలో ఒక్క బుడగ కూడా లేకపోతే, గోడలకి నీరు బాగా అంటుకుని ఉంటే, ఆ నీరు లాగుడుని తట్టుకుంటుంది. ఎంత తట్టుకుంటుంది? 1950లో బ్రిగ్స్ అనే ఆయన సన్నటి గాజు గొట్టంలో నీళ్లు పోసి సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పే యంత్రం) తిప్పి చూస్తే 10 డిగ్రీల దగ్గర దాదాపు 277 బార్ల లాగుడు దాకా తెగలేదు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). చెట్టుకి కావాల్సింది ఎంత? ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ ఒక బార్ బరువుకే పోతుంది, పైన గొట్టాల ఘర్షణ, మట్టి ఎండిన కొద్దీ మట్టినుంచి పీకడానికి పట్టే బలం, అన్నీ కలుపుకున్నా మన అడవి చెట్లలో మిట్టమధ్యాహ్నం 10 నుంచి 30 బార్లు అనుకోండి. సరిపోగా బోలెడు మిగుల్తుంది.

మరిగిపోవాలి కదా అన్నారు. మరగాలంటే ముందు ఒక బుడగ పుట్టాలి. పుట్టే చోటు లేకపోతే నీరు మరిగే పరిస్థితిలో ఉండి కూడా మరగదు, నీరుగానే ఆగుతుంది. ఎప్పుడైనా తెగొచ్చు, నిజమే, కానీ తెగేదాకా తెగదు. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ ఈ మాట చెప్పినప్పుడు చాలామంది మీలాగే నమ్మలేదు.

సరే సిద్ధాంతం పక్కన పెట్టండి, చెట్టు ఏమంటోందో చూద్దాం. కాండం చుట్టుకొలతని రోజంతా కొలిస్తే (సన్నని స్టీలు పట్టీ, స్ప్రింగు ఉంటే చాలు, పరికరం పెద్దదేం కాదు) ఎండెక్కిన కొద్దీ కాండం సన్నబడుతుంది, రాత్రికి మళ్లీ లావెక్కుతుంది. మిల్లీమీటర్లో చిన్న వంతే, కానీ ఎప్పుడు కొలిచినా అదే దిశ. కిందనుంచి తోస్తుంటే నీరు జోరుగా పారే మధ్యాహ్నం కాండం ఉబ్బాలి. సన్నబడుతోంది. ఇది ఒక్కటి చాలు అంటాను నేను.

ఇంకోటి, మధ్యాహ్నం ఎండలో ఆకులున్న కొమ్మని రంగు నీళ్లలో ముంచి ఉంచి ఆ నీటి లోపలే కోస్తే రంగు పై ముక్కలోకీ వెళ్తుంది, చెట్టుకి మిగిలిన కింది మొండెంలోకీ వెనక్కి వెళ్తుంది. తోపుడు ఉంటే కింది మొండెం నీళ్లు కక్కాలి గదా, అది రంగుని ఎందుకు పీల్చుకుంటుంది? రెండు వైపులా లాగుడులో ఉన్నదాన్ని మధ్యలో తెంపాం కాబట్టి.

కొండవాగు:
వేర్లు_ఆకులు గారూ, చాలా థాంక్సండి, రంగు నీళ్ల సంగతి నాకు తెలీదు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. నల్లమద్ది నీళ్లు కక్కింది కదా?

జన్నారం పోరడు:
అక్కా, మాస్టరు, ఇద్దరికీ నమస్తే. నేను చదివింది తక్కువ గాని కట్టెతోటి పెరిగినోణ్ణి, మా ఇంట్ల టేకు పని. ఒక ముచ్చట చెప్త. టేకు దుంగను అడ్డంగ కోసి మొఖం నున్నగ చేస్తే ఏడాదికో వరుస లెక్క పెద్ద పెద్ద బొక్కలు కండ్లకే కనబడ్తయి, వాటెంబడి సన్నవి ఉంటయి. నల్లమద్దిల గిట్ల వరుస ఉండదు, బొక్కలు అంతటా చెదిరి ఉంటయి. ఇంక చేవ, అంటె దుంగ నడుమ ఉండే గట్టి కట్టె. చేవల నుంచి నీళ్లు పోవు, ఇది మాకు తెల్సిన సంగతే, లోపల పుచ్చి తొర్ర పడ్డ చెట్టు గూడ పైన పచ్చగనే ఉంటది. బర్మల టేకు పచ్చిది నీళ్లల్ల తేలదని చెట్టు నిలబడి ఉన్నప్పుడే చుట్టూ బెరడు, దాని కిందుండే తెల్ల చెక్క రెండూ చేవ తగిలేదాంక నరికి మూడేండ్లు ఎండనిచ్చి అప్పుడు పడగొట్టి ఏట్ల తేలేసెటోళ్లట. బెరడొక్కటే తీస్తే ఆకు ఎంబడే వాడదు. తెల్ల చెక్క తెగిందంటే అయిపాయె. అంటె నీళ్లు పోయేది తెల్ల చెక్కల్నే. మరి నల్లమద్దిల వచ్చిన నీళ్లు తెల్ల చెక్కలవా, చేవలవా? అది తెల్వకుంట లాగుడా తోసుడా అని కొట్లాడితె ఏం ఫాయిదా?

వేర్లు_ఆకులు:
అన్నా, మీరు అడిగిందే అసలు ప్రశ్న. నేను రెండో పోస్టులో రాద్దామనుకున్నది మీరు ముందే అందుకున్నారు.

నా వాదన ఇది. చెట్టులో నీళ్లు ఉండటం వేరు, నీళ్లు పారడం వేరు. పారేది తెల్ల చెక్కలో, పనిచేస్తున్న గొట్టాల్లో, అక్కడ లాగుడే. నిల్వ ఉండేది ఎక్కడైనా ఉండొచ్చు. వీడియోలో గాటు పెట్టింది కాండం మీద బొడిపెలా ఉబ్బిన చోట. అక్కడ లోపల ఖాళీ ఉండి నీరు నిండి ఉంటే, గాటుకి 5 మీటర్ల పైదాకా ఆ నీరు నిలబడి ఉందనుకుంటే, దాని బరువుకే గాటు దగ్గర అర అట్మాస్ఫియర్ ఒత్తిడి ఉంటుంది. ధార కట్టడానికి అది చాలా ఎక్కువ. జీవకణం తొయ్యక్కర్లేదు, వేరు తొయ్యక్కర్లేదు.

ఇక వాసన, పులుపు. జైలంలో పారే నీరు దాదాపు మంచినీళ్లే, కొద్దిగా లవణాలు ఉంటాయి అంతే. పుల్లగా వాసనొచ్చే నీరు అంటే అది చాలాకాలం ఆగి మురిగిన నీరని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎల్మ్, పాప్లర్ లాంటి చెట్లలో కాండం లోపల ఇలా తడిసి నిలిచిన చెక్క ఉంటుంది, అందులో బాక్టీరియా పెరిగి మీథేన్ లాంటి గ్యాసు పుట్టి, బయట చిల్లు పడితే ఆ గ్యాసు ఒత్తిడికి నీరు చిమ్మడం అమెరికాలో బాగా చూసిన విషయం. నల్లమద్దిలో కూడా అలాంటిదే కావచ్చు, లేదా కేవలం నీటి బరువే కావచ్చు. ఏదైనా సరే అది పారే గొట్టాల ఒత్తిడిని చూపించదు.

లెక్కల మాస్టారు:
అమ్మా, నువ్వు చెప్పింది శ్రద్ధగా చదివాను. కాండం సన్నబడడం బలమైన సాక్ష్యమే, దాన్ని కాదనను. కానీ నీ రెండో పోస్టుకి ఒక సూటి ప్రశ్న. పక్కనే తెల్ల చెక్కలో మైనస్ 20 బార్ల లాగుడు ఉంది, నాలుగు వేళ్ల దూరంలో ఒక ఖాళీలో మామూలు ఒత్తిడిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఆ లాగుడు ఈ నీళ్లని ఎందుకు పీల్చెయ్యలేదు? దాహంతో ఉన్న చెట్టు పక్కన ఉన్న నీళ్లని వదిలేస్తుందా? రెండింట్లో ఒకటి, లాగుడైనా లేదు, గోడైనా ఉంది. గోడ ఉంటే నీళ్లు అసలు లోపలికెలా చేరాయి?

వేర్లు_ఆకులు:
చాలా పదునైన ప్రశ్న మాస్టారూ, దీనికి సగం జవాబు గట్టిగా చెప్పగలను, సగం నా ఆలోచన.

గట్టిగా చెప్పగలిగింది: గోడ ఉంటుంది. తెల్ల చెక్క చేవగా మారేటప్పుడు చాలా జాతుల్లో గొట్టాలు జిగురుతోనో, పక్క కణాలు బుడగల్లా లోపలికి పొంగి అడ్డం పడడంతోనో మూసుకుపోతాయి. వీటిని టైలోసులు అంటారు, టేకులో ఇవి మామూలే. కాబట్టి చేవలో ఉన్న నీరు తెల్ల చెక్కలో ఉన్న లాగుడుకి అందకుండా ఉండిపోవడం వింతేమీ కాదు.

నా ఆలోచన: నిండేది ఎండాకాలంలో కాదు. వానాకాలంలో విరిగిన కొమ్మల దగ్గర, గాయాల దగ్గర వాన నీరు దిగుతుంది, తడి మట్టిలో గాలి చెమ్మగా ఉన్న రాత్రుళ్లు లాగుడు దాదాపు సున్నాకి వచ్చినప్పుడు పక్కలనుంచి కూడా మెల్లగా ఊరుతుంది. ఎండాకాలం వచ్చేసరికి అడవంతా ఎండి ఆ చెట్టులో నీళ్లు ఉన్నాయని మనకి ఆశ్చర్యం వేస్తుంది, అంతే.

వెర్మాంట్ తెలుగోడు:
ఇక్కడ అమెరికాలో మేపుల్ చెట్ల మధ్య ఉంటున్నా కాబట్టి ఒక ముక్క చేరుస్తా. షుగర్ మేపుల్‌కి ఫిబ్రవరి మార్చిలో కన్నం పెట్టి కుళాయి కొడితే తియ్యటి నీరు కారుతుంది, దాదాపు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు సిరప్. ఇది చేవ నీరు కాదు, తెల్ల చెక్కదే, జైలందే, పాజిటివ్ ప్రెజరే! మాస్టారి వాదనకి ఇది బలమే కదా అనిపిస్తుంది. కానీ చూడండి, అప్పుడు చెట్టుకి ఒక్క ఆకు ఉండదు. రాత్రి మంచు గడ్డకట్టాలి, పగలు కరగాలి, ఆ రెండూ ఉంటేనే ధార, చెక్కలో నార కణాల్లో ఇరుక్కున్న గ్యాసు రాత్రి నలిగి పగలు విచ్చుకోవడంవల్ల వచ్చే ఒత్తిడి అది, వేరుది కాదు. ఆకులు విచ్చుకోగానే ధార ఆగిపోతుంది. బర్చ్ చెట్టుకి మాత్రం నిజంగానే వేరు తోపుడుంది, ద్రాక్ష తీగకీ ఉంది, స్టీఫెన్ హేల్స్ 1727లో అచ్చేసిన పుస్తకంలోనే ద్రాక్ష మొండెం మీద గొట్టం కట్టి ఆ తోపుడుని కొలిచి రాశాడు. అంటే తోపుడు ఉంది, అబద్ధం కాదు. కానీ ఆకు లేనప్పుడు. ఆకులు వచ్చి ఎండ కాసేసరికి ఆ తోపుడు మొత్తాన్ని లాగుడు మింగేస్తుంది. ఆకురాల్చే చెట్టు ఏడాదిలో రెండు బతుకులు బతుకుతుంది, ఆకున్నప్పటి లెక్క ఆకులేనప్పుడు పనికిరాదు. నల్లమద్ది కూడా ఎండల్లో ఆకు రాల్చేదే కదా, వీడియో రోజున దానికి ఆకులున్నాయా లేదా ఎవరైనా గమనించారా?

ఇంకో మాట, వేర్లు_ఆకులు గారు చెప్పిన చేవ మూసుకుపోవడం గురించి. ఇక్కడ విస్కీ పీపాలు వైట్ ఓక్‌తో చేస్తారు, రెడ్ ఓక్‌తో చెయ్యరు, ఎందుకంటే వైట్ ఓక్ గొట్టాలు టైలోసులతో మూసుకుపోయి కారవు, రెడ్ ఓక్‌వి తెరిచే ఉంటాయి.

బోసు గారి బడి:
ఇంతమంది ఇన్ని విదేశీ పేర్లు చెప్పారు, జగదీశ్ చంద్ర బోస్ పేరు ఒక్కరూ ఎత్తలేదు, బాధగా ఉంది. 1923లో ఆయన ద్రవోద్గమం (మొక్కలో నీరు పైకెక్కడం) మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. కాండంలో బతికున్న కణాలు లయగా స్పందిస్తూ నీటిని పైపైకి తోస్తాయని, ఎలక్ట్రిక్ ప్రోబ్ గుచ్చి ఆ స్పందన ఏ పొరలో ఎక్కువ ఉందో కొలిచి మరీ చెప్పారు. చెట్టుని చచ్చిన గొట్టాల కట్టగా చూడటం నాకు ఇష్టం లేదు. జీవం ఉన్న చోట జీవానికి పాత్ర లేదంటే ఎలా?

వేర్లు_ఆకులు:
బోస్ గారి మీద నాకూ అంతే గౌరవం ఉందండి. మొక్కలో విద్యుత్ సంకేతాలు ఉంటాయన్న విషయంలో ఆయన తన కాలం కంటే చాలా ముందున్నారు, ఈరోజు దాన్ని ఎవరూ కాదనరు. కానీ నీరు ఎక్కడం విషయంలో ఆయన చెప్పిన స్పందించే పొర బెరడు వైపు, కార్టెక్స్ లోపలి అంచులో ఉంది. జన్నారం అన్న చెప్పినట్టు బెరడు చుట్టూ వలిచేసినా నీరు ఎక్కుతూనే ఉంటుంది, ఆ పొర లేకుండానే. అంతకు ముందే, 1890ల మొదట్లో, స్ట్రాస్‌బర్గర్ 20 మీటర్ల పైబడిన ఓక్ చెట్టుని మొదట్లో కోసి విషం కలిపిన ద్రవంలో నిలబెట్టాడు, కాపర్ సల్ఫేటు, పిక్రిక్ యాసిడ్ లాంటివి. దారిలో బతికున్న కణాలు చచ్చిపోయాయి, అయినా ద్రవం పైకి పోతూనే ఉంది, ఆకులు చచ్చాకే ఆగింది. బతికున్న కణం తోస్తేనే నీరు ఎక్కుతుందన్న మాటకి ఇది గట్టి దెబ్బ.

అయితే జీవానికి పాత్ర లేదని నేను అనను. గొట్టాలని కట్టేది జీవమే, ఆకురంధ్రాలు ఎప్పుడు మూయాలో చూసేది జీవమే, బుడగ పడి తెగిపోయిన గొట్టాన్ని మళ్లీ నింపగలదా లేదా అన్నదాంట్లో జీవానికి పాత్ర ఉందా అన్నది ఇప్పటికీ పెద్ద గొడవే.

చిట్టడవి:
ఆ గొడవ గురించే చెప్పాలని చూస్తున్నా ఇంతసేపూ. నేను ఈ రంగంలోనే పనిచేస్తా. లాగుడు ఉందా లేదా అన్నది ఈరోజు పెద్ద చర్చ కాదు, 1990ల్లో మాత్రం అయ్యింది, ప్రెజర్ ప్రోబ్ (ఒత్తిడి కొలిచే సన్నటి సూది) నేరుగా గుచ్చి చూస్తే అంత లాగుడు కనపడలేదని జర్మనీ వాళ్లు పట్టుబట్టారు, 2004లో వాళ్లు పెద్ద రివ్యూ రాస్తే అదే ఏడాది 40 మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసి దానికి వ్యతిరేకంగా ఉత్తరం రాశారు. 1995లో కొమ్మలని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, బయటనుంచి మనం పెట్టిన లాగుడుకి గొట్టాలు నిజంగానే తట్టుకుంటాయని రెండు గ్రూపులు విడివిడిగా చూపించాయి. నాకు అది చాలు.

అసలు తెగని చర్చ రీఫిల్లింగ్. ఎండ ముదిరితే గొట్టంలోకి పక్కనుంచి గాలి దూరి నీరు తెగిపోతుంది, ఆ గొట్టం ఇక పనిచెయ్యదు. పక్క గొట్టాలు ఇంకా లాగుడులోనే ఉండగా ఈ తెగిన గొట్టం సాయంత్రానికల్లా మళ్లీ నీటితో నిండుతుందా? 1990ల్లో చాలా పేపర్లు అవును అన్నాయి, పొద్దున తక్కువ మధ్యాహ్నం ఎక్కువ మళ్లీ సాయంత్రం తక్కువ అని రోజూ జరిగే పనిలా చూపించాయి, బతికున్న కణాలు చక్కెర వదిలి నీరు రప్పించి నింపుతాయని ఊహించారు. బోస్ అభిమాని గారూ, జీవానికి పాత్ర ఉంటే అది ఇక్కడే. తర్వాత 2013లో ఒక పేపర్ వచ్చింది, లాగుడులో ఉన్న కొమ్మని నీళ్లలో కోసినా సరే ఆ కోతే కొత్త బుడగలు పుట్టిస్తుందని, అంటే మధ్యాహ్నం కనపడిన బుడగల్లో చాలావరకు మన కత్తి చేసినవని. ఆ పేపర్ రాసినవాళ్లలో మిషెల్ హాల్‌బ్రూక్ కూడా ఉన్నారు, 1999లో రీఫిల్లింగ్ ఎలా సాధ్యమో రాసిన ఆవిడే. తర్వాత కొయ్యకుండా ఎక్స్‌రే స్కానింగ్‌లో బతికున్న మొక్కనే చూస్తే, రీఫిల్లింగ్‌కి పెద్ద ఉదాహరణగా చెప్పుకున్న లారెల్ మొక్కలో లాగుడు ఉండగా నిండటం కనపడలేదు. ద్రాక్షలో మాత్రం నీళ్లు పెట్టాక గొట్టాల్లో చుక్కలు చుక్కలుగా నిండటం స్కానింగ్‌లోనే కనపడింది. నా అభిప్రాయం, లాగుడు తగ్గి వేరు తోపుడు అందితేనే నిండుతుంది, ఎర్రటి ఎండలో రోజూ జరిగేది కాదు.

వేర్లు_ఆకులు:
చిట్టడవి గారూ, ద్రాక్ష, లారెల్, సరే. కానీ మన ఆకురాల్చే అడవి చెట్ల మీద అలాంటి స్కానింగ్ ఎంత జరిగింది? నాలుగు మొక్కల్ని చూసి అన్నిటికీ తీర్పు ఇవ్వడం నాకు ఒప్పుదల కాదు. మీరు చెప్పింది పూర్తిగా నిజమైతే ఒక పరిణామం ఉంది, ఒకసారి తెగిన గొట్టం ఆ ఏడాదికి పోయినట్టే, చెట్టు కొత్త గొట్టం కట్టుకోవాల్సిందే. అది చాలా భయపెట్టే విషయం. 2012లో నేచర్‌లో ప్రపంచవ్యాప్తంగా 226 జాతుల లెక్క వచ్చింది కదా, వాటిలో 70 శాతం గొట్టాలు తెగిపోయే హద్దుకి అతి దగ్గర్లో బతుకుతున్నాయని. తడి అడవి చెట్టైనా పొడి అడవి చెట్టైనా అంతే.

చిట్టడవి:
కొత్త గొట్టం కట్టుకోవాల్సిందే, కట్టుకుంటున్నాయి కూడా. టేకుని చూడండి. ఏడాది మొదట్లో కట్టే గొట్టాలు పెద్దవి, జన్నారం అన్న చెప్పిన వరుస బొక్కలు అవే. గొట్టం వ్యాసం రెట్టింపైతే నీరు 16 రెట్లు పారుతుంది, కాబట్టి 60 మైక్రాన్ల గొట్టం పక్కన 300 మైక్రాన్ల గొట్టం పెడితే ఒక్కటే 625 గొట్టాల పని చేస్తుంది. ఓక్ లాంటి వరుస గొట్టాల చెట్లలో నీరు గంటకి 40 మీటర్లు దాటి పరిగెత్తడం కొలిచారు, మేపుల్ లాంటి చెదురు గొట్టాల చెట్లలో గంటకి 1 నుంచి 6 మీటర్లే. కానీ ఆ పెద్ద గొట్టాలు చాలావరకు ఒక్క ఏడాదే. అందుకే చల్లటి దేశాల్లో ఇలాంటి చెట్లు మిగతావాటికంటే ఆలస్యంగా చిగురిస్తాయి, ముందు కొత్త గొట్టం తయారవ్వాలి, తర్వాతే ఆకు. అమెరికన్ చెస్ట్‌నట్‌ని శిలీంధ్రం అంత తొందరగా చంపడానికి కారణం కూడా ఇదే అంటారు, నీరు పారేది బయటి వరుసొక్కటిలోనే, ఆ పలచటి పొరకి దెబ్బ తగిలితే లోపల దన్ను ఏదీ లేదు.

కానుగ నీడ:
మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా వీధిలో కానుగలు మార్చిలో ఆకు మొత్తం రాల్చేసి నెల తిరక్కుండా లేత పచ్చగా మెరిసిపోతూ చిగురేస్తాయి, ఒక్క వాన చినుకు పడకుండానే. టేకు మాత్రం మే దాకా మోడులా ఉంటుంది. ఆ చిగురుకి నీళ్లు ఎక్కణ్ణుంచి?

వేర్లు_ఆకులు:
ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది! ఆకు రాల్చడమే నీళ్లు సంపాదించుకునే మార్గం. పాత ముదురు ఆకులు రంధ్రాలు సరిగ్గా మూసుకోలేక నీరు వదిలేస్తుంటాయి. అవి రాలిపోగానే లాగుడు ఆగిపోతుంది, లోతు వేర్లు మెల్లగా అందించే నీటితో కాండం మళ్లీ నిండుతుంది, నిండాక మొగ్గ విచ్చుకుంటుంది. కోస్టారికా పొడి అడవుల్లో బోర్చెర్ట్ ఇదే చూపించారు, 1994లో. కాండంలో నిల్వ, లోతు మట్టిలో నిల్వ, ఈ రెండింటి మీదే ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో ఎప్పుడు చిగురిస్తుందో ఆధారపడి ఉంటుందని. మన మోదుగ, బూరుగ ఒక్క ఆకు లేకుండా పూతతో ఎర్రబడేది కూడా ఇలాంటి నిల్వతోనే. ఆసియా రుతుపవన అడవుల్లో వానకి నెలా రెండు నెలల ముందే చిగురేసే జాతులు చాలా ఉన్నాయి, పగటి పొడవు పెరగడం వాటికి గుర్తు, వాన కాదు. కానుగవి చెదురు గొట్టాలు, నిరుటివి ఇంకా పనికొస్తాయి, కాబట్టి ముందే మొదలెట్టగలదు. టేకుకి ఆ వీలు తక్కువ, వాన వాసన దాకా ఆగుతుంది. టేకు ఆలస్యానికి గొట్టాలొక్కటే కారణం అని మాత్రం అనను, నేల లోతు కూడా చాలా తేడా చేస్తుంది, అదే టేకు ఏటి ఒడ్డున ముందే చిగురిస్తుంది.

జన్నారం పోరడు:
అది నిజం అక్కా. వాగు పొంటి ఉన్న టేకు ముందుగాల ఆకేస్తది, గుట్ట మీదిది వానలు పడ్డంకనే.

గూడెం బడి:
నేను ఏజెన్సీలో బడి చెప్తుంటాను. చర్చ బాగుంది, కానీ ఒక్క విషయం ఎవరూ రాయలేదని రాస్తున్నా. ఆ వీడియో తిరిగాక జనం కత్తులు పట్టుకుని అడవిలోకి వెళ్లి కనపడిన నల్లమద్దికల్లా గాటు పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఇక్కడ పెద్దవాళ్లకి ఏ చెట్టులో నీరుందో, ఎక్కడ కొట్టాలో తెలుసు, దాహానికి ప్రాణం మీదికొచ్చినప్పుడే కొడతారు, తాగాక మానేస్తారు. మీరే అన్నారు కదా, నీరు పారేది ఆ తెల్ల చెక్కలోనే అని. సరదాకి పెట్టిన గాటు ఆ తెల్ల చెక్కనే కోసేస్తుంది, తెగిన గొట్టాల్లోకి గాలి పోతుంది, గాయంలోంచి శిలీంధ్రం పోతుంది. దయచేసి ఈ పోస్టు చదివి ఎవరూ పరీక్ష కోసం చెట్టుని కొట్టకండి.

లెక్కల మాస్టారు:
గూడెం బడి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాకు పరీక్ష కావాలి, కానీ చెట్టు మీద కాదు. అమ్మా వేర్లు_ఆకులు, మధ్యాహ్నం తెల్ల చెక్కలో లాగుడు ఉందన్నంతవరకు నీ సాక్ష్యాలు బలంగానే ఉన్నాయి. నల్లమద్ది ధార చేవలోదే అన్నది మాత్రం ఇంకా ఊహే, నువ్వూ అలాగే అన్నావు. నీ ఊహ ప్రకారం ధార మొదట్లో జోరుగా ఉండి, లోపలి మట్టం దిగినకొద్దీ తగ్గి ఆగిపోవాలి. గ్యాసు అయితే మొదట నురగతో బుసకొట్టాలి. వేరు తోపుడైతే రోజుల తరబడి సన్నగా కారుతూనే ఉండాలి. ఈ మూడూ తేలిగ్గా వేరుచెయ్యగలిగినవే.

కొండవాగు:
మాస్టారూ, మీరు ఇలా మూడు ముక్కల్లో పెట్టేసరికి నాకు చాలా స్పష్టమైంది. నాకు తెలిసిన గార్డు ఒకాయన ఉన్నారు, కొత్తగా కొట్టమని అడగను, పాత గాటు ఉన్న చెట్లు ఎన్నాళ్లు కారాయో, గాటు పెట్టినప్పుడు ఆకులున్నాయో లేదో అడిగి రాస్తాను.

వెర్మాంట్ తెలుగోడు:
ఆకుల సంగతి తప్పకుండా అడుగు బ్రదర్. అది తేలకపోతే మిగతాది ఎంత చెప్పుకున్నా సగమే.

జన్నారం పోరడు:
నేనొకటి చేస్త. డిపోకు గాలికి పడ్డ నల్లమద్ది దుంగలు అస్తె కోత మొఖం చూస్త. నీళ్లు నిలిచిన జాగ ఉంటె అక్కడ రంగు నల్లగ తడిగ వేరే ఉంటది, వాసన గూడ తెలుస్తది. అది చేవల ఉందా, తెల్ల చెక్కల ఉందా, రెండింటి నడుమ గీత ఎట్లుందో ఫొటో తీసి పెడ్త. అక్కా, ఫొటోల ఏం చూడాల్నో ముందే రాసి పెట్టు.

వేర్లు_ఆకులు:
రాసిపెడుతున్నా అన్నా. కోసిన వెంటనే తియ్యండి, ఎండాక తడి మచ్చ కనపడదు. పక్కన స్కేలు పెట్టండి, బెరడు వైపు ఏదో మధ్య వైపు ఏదో తెలియాలి. బొడిపె ఉన్న దుంగ దొరికితే బొడిపె మధ్యలోంచి పోయేలా ఒక కోత కావాలి, లోపల ఖాళీ ఉందా, ఉంటే పైకి ఎంతదాకా పోయిందో చూడాలి. మచ్చ తెల్ల చెక్కలోకి పాకి ఉంటే అది కూడా దాచకుండా పెట్టండి, అప్పుడు మాస్టారి ప్రశ్నకి నా జవాబు సరిపోదు, మళ్లీ మొదట్నుంచి ఆలోచించాల్సిందే.